రౌటర్‌లో మాడ్యూల్ పనిచేయడం మానేస్తే: లోపం ఎక్కడుందో తేల్చే సమగ్ర మార్గదర్శి

రౌటర్‌లో ఒక మాడ్యూల్ (స్లాట్‌లో దూర్చే విడి కార్డు) పడిపోయిందని తెలియగానే చాలామంది చెయ్యి ముందుగా పవర్ స్విచ్ మీదికే వెళ్తుంది. ఆపి, మళ్లీ ఆన్ చేస్తారు. లేస్తే సరిపోయిందనుకుంటారు, లేవకపోతే కాలిపోయిందని తేల్చేస్తారు. రెండూ తొందరపాటు తీర్పులే. రీబూట్ చేసిన మరుక్షణం మెమరీలో ఉన్న లాగ్ (రౌటర్ రాసుకునే సంఘటనల చిట్టా) చెరిగిపోతుంది. మాడ్యూల్ ఎందుకు పడిందో చెప్పగల సాక్ష్యం దానితోపాటే పోతుంది. పైగా కాలిపోయిందని విప్పి వెనక్కి పంపిన మాడ్యూళ్లలో నిక్షేపంగా ఉన్నవీ ఉంటాయి. అసలు లోపం కేబుల్‌లోనో, కాన్ఫిగరేషన్‌లోనో, స్లాట్‌లోనో ఉండిపోతుంది. కొత్త మాడ్యూల్ వచ్చినా సమస్య అలాగే కూర్చుంటుంది.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఒకే పద్ధతి మీద నడుస్తుంది. కేబుల్, ఎస్‌ఎఫ్‌పీ (కేబుల్ తగిలించడానికి పోర్టులో దూర్చే చిన్న ముక్క), కాన్ఫిగరేషన్, సాఫ్ట్‌వేర్, స్లాట్, కరెంటు: వీటిలో ఏదీ కారణం కాదని ఒక్కొక్కటిగా తేలాకే మాడ్యూల్ పాడైందని అనాలి.

ఉదాహరణగా సిస్కో ఐఎస్‌ఆర్ 4000 శ్రేణిని, అందులోనూ 4331 రౌటర్‌ను తీసుకుంటున్నాను. శాఖా కార్యాలయాల కోసమే తయారైన రౌటర్ ఇది. మాడ్యూళ్లు మార్చుకునే వీలుంది కాబట్టి నేర్చుకోవడానికీ అనువైనది. కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు ఆంగ్ల అక్షరాలే వాడాలి.

ముందు స్లాట్ల లెక్క తెలుసుకోండి

ఇంటర్‌ఫేస్ పేరులో ఉండే 0/1/0 వంటి మూడు అంకెలు వరుసగా స్లాట్, సబ్‌స్లాట్, పోర్టు. 4331లో 0/0 అంటే రౌటర్‌తో పాటే వచ్చే మూడు గిగాబిట్ పోర్టులు. 0/1, 0/2 అనేవి ఎన్‌ఐఎం అనే చిన్న మాడ్యూళ్లు పెట్టే చోట్లు. 1/0 అనేది ఎస్‌ఎం అనే పెద్ద మాడ్యూల్ కోసం. 'షో ప్లాట్‌ఫామ్' అని కొడితే ఇవన్నీ ఒక పట్టికగా వస్తాయి. ఆ పట్టిక చివర్లో ఆర్0, ఎఫ్0, పీ0, పీ2 అని కనిపిస్తాయి. ఆర్0 నియంత్రణ ప్రాసెసర్, ఎఫ్0 ప్యాకెట్లను ముందుకు పంపే భాగం, పీ0 పవర్ సప్లయి, పీ2 ఫ్యాన్ల ట్రే.

ఈ లెక్క ఎందుకంటే, విప్పి మార్చగలిగినవి ఏవో, మార్చలేనివి ఏవో దీనితోనే తెలుస్తుంది. 4331లో ఆర్0, ఎఫ్0 రెండూ మదర్‌బోర్డులో భాగమే. వాటిలో దేనికి లోపం వచ్చినా చాసిస్ (రౌటర్ ప్రధాన పెట్టె) మొత్తం మార్చాల్సిందే. 0/1 పడిపోతే అది కేవలం మాడ్యూల్ సంగతి కావచ్చు, ఆ స్లాట్ సంగతీ కావచ్చు.

మొదటి అడుగు: దేన్నీ ముట్టుకోకుండా సాక్ష్యం సేకరించండి

కన్సోల్ కేబుల్ పెట్టండి (వేగం 9600, 8 బిట్లు, ప్యారిటీ లేదు, 1 స్టాప్ బిట్). టెర్మినల్ ప్రోగ్రామ్‌లో సెషన్ మొత్తం ఫైల్‌లోకి వెళ్లేలా పెట్టుకోండి. తరువాత వరుసగా 'షో ప్లాట్‌ఫామ్', 'షో ఇన్వెంటరీ', 'షో ఎన్విరాన్‌మెంట్ ఆల్', 'షో లాగింగ్', 'షో వెర్షన్', చివరగా 'షో టెక్-సపోర్ట్' ఇవ్వండి. చివరిది పూర్తి కావడానికి సమయం పడుతుంది, మధ్యలో ఆపకండి. కాన్ఫిగరేషన్ ప్రతిని కూడా రౌటర్ బయట భద్రపరచండి. మాడ్యూల్ బయట ఉన్న సమయంలో ఎవరైనా పొరపాటున సేవ్ చేస్తే దాని ఇంటర్‌ఫేస్‌ల కాన్ఫిగరేషన్ పోయే ప్రమాదం ఉంటుంది.

లాగ్ చదవడంలో ఒక కిటుకు ఉంది. సిస్కో సందేశం శాతం గుర్తుతో మొదలై, విభాగం పేరు, ఒక అంకె, సందేశం పేరు ఇలా వరుసగా వస్తుంది. మధ్యలో ఉండే అంకె తీవ్రత: 0 అంటే అత్యంత ప్రమాదం, 7 అంటే కేవలం డీబగ్ సమాచారం. మాడ్యూళ్ల గొడవల్లో 'ఎస్‌పీఏ_ఓఐఆర్' అనే విభాగం కోసం వెతకండి. దానికి 3 అంకె ఉండి 'రికవరీ_రీలోడ్' అని ఉంటే, రౌటర్ ఆ మాడ్యూల్‌ను తానే మళ్లీ లేపడానికి ప్రయత్నిస్తోందని అర్థం. 600 సెకన్లలో 5 సార్లు విఫలమైనందువల్ల మాడ్యూల్‌కు కరెంటు ఆపేశానని చెప్పే సందేశం కూడా ఇదే కుటుంబంలోది. చాలామంది మాడ్యూల్ ఒక్కసారిగా చచ్చిపోయిందనుకుంటారు గానీ, లాగ్ చూస్తే అది పడుతూ లేస్తూ ఉండగా రౌటరే చివరకు దాన్ని ఆపేసిందని తెలుస్తుంది. ఈ రెండింటికీ దారులు వేరు. పడుతూ లేచేదాన్ని చూస్తే వేడి, వదులైన కనెక్టర్, సాఫ్ట్‌వేర్ గుర్తుకు రావాలి. ఒక్కసారిగా పోయినదైతే ముందు కరెంటును, పిడుగును అనుమానించాలి.

లాగ్‌లో సమయాలు సరిగ్గా లేకపోతే ఈ విశ్లేషణ సాగదు. ఎన్‌టీపీ (రౌటర్ గడియారాన్ని నెట్‌వర్క్ ద్వారా సరిచేసే పద్ధతి) పెట్టి ఉందా, లాగ్‌లు బయట ఒక సర్వర్‌కు వెళ్తున్నాయా అన్నది సమస్య రాకముందే చూసుకోవాల్సిన విషయం.

రెండో అడుగు: అసలు పాడు కాని 'పాడైన' మాడ్యూళ్లు

ఇక్కడ ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే ఎక్కువ గంటలు వృథా అయ్యేది ఇక్కడే.

ఈ1 మాడ్యూల్ సంగతి చూడండి. పీఆర్ఐ (ఒకే తీగపై అనేక కాల్స్ నడిపే డిజిటల్ ఫోన్) లైన్ల కోసం మన దేశంలో వాడే ప్రమాణం ఈ1. కొత్త మాడ్యూల్ పెడతారు, 'షో ప్లాట్‌ఫామ్'లో ఓకే అని వస్తుంది, కానీ కంట్రోలర్ (ఆ లైన్ పోర్టుకు రౌటర్‌లో ఉండే పేరు) ఎక్కడా కనిపించదు. మాడ్యూల్ లోపమని వెనక్కి పంపుతారు. నిజానికి అది టీ1 అనే ఇంకో ప్రమాణంలో పనిచేయాలో ఈ1గా పనిచేయాలో రౌటర్‌కు చెప్పాలి. కాన్ఫిగరేషన్‌లో 'కార్డ్ టైప్ ఈ1 0 1' అన్న ఒక్క వరుస రాస్తే కంట్రోలర్ ప్రత్యక్షమవుతుంది. మాడ్యూల్‌ను 0/2లోకి మారిస్తే ఆ స్లాట్‌కు మళ్లీ రాయాలి. వాయిస్ కాల్స్ కోసమైతే పీవీడీఎం4 అనే డీఎస్‌పీ (మాటల సంకేతాన్ని మలిచే చిప్) కార్డు కూడా ఉండాలి. అది లేకపోతే లైన్ పైకి వస్తుంది గానీ కాల్స్ నడవవు.

4331లోని మొదటి గిగాబిట్ పోర్టుకు రాగి సాకెట్, ఎస్‌ఎఫ్‌పీ సాకెట్ రెండూ ఉంటాయి. కాన్ఫిగరేషన్‌లో 'మీడియా-టైప్ ఆర్‌జే45' అని ఉండగా ఎస్‌ఎఫ్‌పీ పెడితే లింక్ రాదు. ఎస్‌ఎఫ్‌పీ ఎన్నిసార్లు మార్చినా రాదు.

ఎవరో గతంలో మాడ్యూల్‌ను కావాలని ఆపి ఉండవచ్చు. రన్నింగ్ కాన్ఫిగరేషన్‌లో 'హెచ్‌డబ్ల్యూ-మాడ్యూల్' అని మొదలయ్యే వరుసలు ఉన్నాయేమో వెతకండి. అక్కడ 'షట్‌డౌన్' కనిపిస్తే సమస్య తేలిపోయినట్టే.

'షో ప్లాట్‌ఫామ్'లో మాడ్యూల్ పేరు రావాల్సిన చోట 'అన్‌నోన్' అని ఉంటే, ముందు అనుమానించాల్సింది సాఫ్ట్‌వేర్‌నే. ప్రతి మాడ్యూల్‌కూ కనీసం ఫలానా ఐఓఎస్ ఎక్స్‌ఈ (రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వెర్షన్ కావాలని దాని డేటా షీట్‌లో ఉంటుంది. పాత వెర్షన్ ఉన్న రౌటర్‌కు కొత్త మాడ్యూల్ ఎవరో తెలియదు. వెర్షన్ సరిపోయినా గుర్తించకపోతే అప్పుడు మాడ్యూల్ మీది గుర్తింపు చిప్‌ను, స్లాట్‌ను అనుమానించాలి. ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ నడుస్తున్నప్పుడు మాత్రం కరెంటు పోకూడదు. యూపీఎస్ బ్యాటరీ మీద భరోసా లేకపోతే ఆ పని ఆ రోజు పెట్టుకోవద్దు.

మూడో అడుగు: లైనా, మాడ్యూలా?

మాడ్యూల్ ఓకే అంటోంది, పోర్టు మాత్రం డౌన్‌లో ఉంది. ఇలాంటప్పుడు లూప్‌బ్యాక్‌ను మించిన సాక్షి లేదు. పోర్టు పంపిన సంకేతాన్ని దానికే తిరిగి వినిపించడమే లూప్‌బ్యాక్.

ఈ1 పోర్టు కోసం ఒక ఆర్‌జే45 క్లిప్పు, రెండు చిన్న వైరు ముక్కలు చాలు. 1వ పిన్నును 4వ పిన్నుకు, 2వ పిన్నును 5వ పిన్నుకు కలపండి, క్లిప్పు నొక్కండి. క్లాక్‌ను రౌటరే ఇచ్చేలా కంట్రోలర్‌లో 'క్లాక్ సోర్స్ ఇంటర్నల్' పెట్టి, ఈ ప్లగ్గును పోర్టులో దూర్చి, 'షో కంట్రోలర్స్ ఈ1 0/1/0' చూడండి. అలారాలు పోయి కంట్రోలర్ అప్ అంటే మాడ్యూల్ మాట్లాడుతోంది, వింటోంది కూడా. ఇక లోపం బయటిదే. ప్లగ్గు పెట్టినా సంకేతం అందడం లేదనే అలారం అలాగే ఉంటే పోర్టును గట్టిగా అనుమానించవచ్చు. పావుగంటలో తయారయ్యే ఈ చిన్న ప్లగ్గు ప్రతి నెట్‌వర్క్ ఇంజినీరు సంచిలో ఉండాలని గట్టిగా చెబుతాను.

బయటి లోపమని తేలాక చూడాల్సినవి ఇవి. సర్వీసు ప్రొవైడర్ 75 ఓమ్‌ల కోయాక్సియల్ కేబుల్ ఇచ్చి, రౌటర్‌లో 120 ఓమ్‌ల పోర్టు ఉంటే మధ్యలో బాలన్ (ఆ రెండింటినీ కలిపే అడాప్టర్) కావాలి. రెండు వైపులా సీఆర్‌సీ4 (ఈ1 లైన్‌లో దోషాలు పట్టే తనిఖీ) సెట్టింగ్ ఒకటేనా చూడాలి. 'స్లిప్' (క్లాక్‌లు కలవక డేటా జారిపోవడం) సెకన్లు పెరుగుతూ ఉంటే అది క్లాక్ తగాదా, హార్డ్‌వేర్‌ది కాదు. 'నెట్‌వర్క్-క్లాక్ సింక్రనైజేషన్ పార్టిసిపేట్ 0/1' అన్న వరుస ఉందో లేదో చూడండి.

ఫైబర్ పోర్టుకు లూప్ వేయడానికి ముందు వెలుగు కొలవండి. 'షో హెచ్‌డబ్ల్యూ-మాడ్యూల్ సబ్‌స్లాట్ 0/0 ట్రాన్సీవర్ 2 స్టేటస్' అంటే ఎస్‌ఎఫ్‌పీ ఉష్ణోగ్రత, పంపుతున్న శక్తి, అందుతున్న శక్తి వస్తాయి. 10 కిలోమీటర్ల ఎల్‌ఎక్స్/ఎల్‌హెచ్ గిగాబిట్ ఎస్‌ఎఫ్‌పీ మైనస్ 9.5 నుంచి మైనస్ 3 డీబీఎం (వెలుగు శక్తిని కొలిచే ప్రమాణం) మధ్య పంపాలి. సిస్కో ఎస్‌ఎఫ్‌పీ అయితే మైనస్ 19 వరకు తగ్గినా వినగలదు. 1310 నానోమీటర్ల వద్ద సింగిల్ మోడ్ ఫైబర్ కిలోమీటరుకు సుమారు 0.4 డీబీ మింగుతుంది. అంటే 8 కిలోమీటర్లకు 3 డీబీ పైచిలుకు, కనెక్టర్లకు ఇంకొంచెం. అవతలి నుంచి మైనస్ 6 బయలుదేరితే ఇక్కడ మైనస్ 10 ప్రాంతంలో అందాలి. మైనస్ 24 కనిపిస్తే దారిలో ఏదో మింగేస్తోంది: మురికి పట్టిన కనెక్టర్, వంగిన ప్యాచ్ కార్డు, సరిగ్గా అతకని జాయింటు. మైనస్ 40 అంటే వెలుగే లేదు.

పంపే శక్తి పడిపోయి ఉంటే ఎస్‌ఎఫ్‌పీ లేజర్ పోయిందనే అనిపిస్తుంది. కానీ ఇంటర్‌ఫేస్ షట్‌డౌన్‌లో ఉన్నా లేజర్ ఆగి ఉంటుంది. 'నో షట్' ఇచ్చాకే ఆ అంకెను నమ్మండి. లూప్ కోసం చిన్న ప్యాచ్ కార్డుతో పంపే రంధ్రాన్ని, వినే రంధ్రాన్ని కలపండి. లింక్ లైటు వెలిగితే ఎస్‌ఎఫ్‌పీ, పోర్టు రెండూ బాగున్నట్టే. ఎల్‌ఎక్స్ రకానికి ఇది క్షేమం. జెడ్‌ఎక్స్ వంటి దూరప్రాంతపు ఎస్‌ఎఫ్‌పీకి మాత్రం అటెన్యుయేటర్ (వెలుగు తగ్గించే ముక్క) లేకుండా ఈ పని చేయవద్దు. అది పంపే వెలుగు దాని రిసీవర్ భరించగలిగినదానికంటే ఎక్కువ. ఫైబర్ కొసలోకి కంటితో ఎప్పుడూ చూడవద్దు. ఆ లేజర్ కంటికి కనిపించదు, కంటికి హాని చేసే శక్తి మాత్రం దానికి ఉండవచ్చు.

నాలుగో అడుగు: కరెంటు, వేడి, దుమ్ము

'షో ఎన్విరాన్‌మెంట్ ఆల్' ఇచ్చిన పట్టికలో వోల్టేజీలు, ఉష్ణోగ్రతలు, ఫ్యాన్ల వేగాలు ఉంటాయి. 4331 పనిచేయాల్సిన వాతావరణం 0 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. మన ప్రాంతంలో మే నెలలో బయటే 45 తాకే రోజులుంటాయి. ఏసీ ఆగిన చిన్న గదిలో, తలుపులు మూసిన ర్యాక్‌లో ఎంత ఉంటుందో ఊహించవచ్చు. మాడ్యూల్ పడిన సమయాలన్నీ మధ్యాహ్నం పూటే ఉన్నాయా అని లాగ్‌తో పోల్చి చూడండి. ఖాళీ స్లాట్లకు మూత రేకులు తప్పక ఉండాలి. అవి లేకపోతే గాలి అడ్డదారిన పోయి, చల్లబడాల్సిన చోటికి చేరదు.

4331లో పవర్ సప్లయి ఒక్కటే. 4431, 4451 రౌటర్లలో రెండోది పెట్టుకోవచ్చు. అక్కడ ఒకదాని పక్కన 'పీఎస్, ఫెయిల్' అని వస్తే ముందు త్రాడు, సాకెట్ మార్చి చూడండి. పిడుగులతో కూడిన వానల తరువాత ఈ1, డీఎస్‌ఎల్ వంటి రాగి తీగల పోర్టులు పోయాయంటే ఎర్తింగ్ పరీక్షించకుండా కొత్త మాడ్యూల్ పెట్టకండి. కొత్తదీ అదే దారిన పోతుంది.

ఐదో అడుగు: మాడ్యూల్‌ను రీలోడ్ చేయడం, విప్పి మళ్లీ పెట్టడం

రౌటర్ మొత్తాన్ని ఆపక్కర్లేదు. 'హెచ్‌డబ్ల్యూ-మాడ్యూల్ సబ్‌స్లాట్ 0/1 రీలోడ్' అంటే ఆ ఒక్క మాడ్యూలే పడి లేస్తుంది. కొన్ని నిమిషాలు ఆగి 'షో ప్లాట్‌ఫామ్' చూడండి. లేవకపోతే విప్పాలి.

యాంటీ స్టాటిక్ పట్టీని మణికట్టుకు కట్టి, రెండో కొసను రంగు వేయని లోహపు భాగానికి తగిలించండి. 'హెచ్‌డబ్ల్యూ-మాడ్యూల్ సబ్‌స్లాట్ 0/1 స్టాప్' ఇచ్చి, మాడ్యూల్ ఆగిందని నిర్ధారించుకున్నాకే కేబుళ్లు తీయండి, స్క్రూలు వదులు చేయండి. మాడ్యూల్‌ను అంచులతో పట్టుకుని తిన్నగా లాగండి, పక్కకు ఊపవద్దు. ఇలా కరెంటు ఉండగానే తీసే వీలు అన్ని రౌటర్లకూ లేదు. పాత 2900 శ్రేణిలోని ఈహెచ్‌డబ్ల్యూఐసీ కార్డులకు కరెంటు ఆపాల్సిందే. మదర్‌బోర్డు మీద ఉండే మెమరీ, పీవీడీఎం4 వంటి వాటికి ఏ మోడల్‌లోనైనా త్రాడు తీసేయాలి. విప్పే ముందు ఆ మోడల్ హార్డ్‌వేర్ గైడ్ చూడటం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు టార్చి వేసి స్లాట్ లోపలికి చూడండి. వంగిన పిన్ను, నల్లబడిన మచ్చ, పురుగు, తుప్పు: ఏది కనిపించినా ఫొటో తీయండి. పిన్ను వంగి ఉంటే ఆ స్లాట్‌లో ఇక ఏదీ పెట్టవద్దు, మంచి మాడ్యూల్ కూడా దెబ్బతింటుంది. అంతా శుభ్రంగా ఉంటే మాడ్యూల్‌ను పట్టాల వెంట నెట్టి, పూర్తిగా కూర్చున్నాక రెండు స్క్రూలనూ సమానంగా బిగించి, 'స్టార్ట్' కమాండ్ ఇవ్వండి.

ఆరో అడుగు: తారుమారు పరీక్ష

తీర్పు చెప్పే పరీక్ష ఇదే. అనుమానిత మాడ్యూల్‌ను 0/1 నుంచి 0/2కు మార్చండి. లోపం దానితోపాటే 0/2కు వస్తే మాడ్యూల్ పాడైంది. 0/2లో బాగా పనిచేసి, మంచిదని తెలిసిన ఇంకో మాడ్యూల్ 0/1లో పనిచేయకపోతే స్లాట్ పాడైంది, చాసిస్ మార్చాలి. రెండు చోట్లా ఏ మాడ్యూలూ లేవకపోతే సాఫ్ట్‌వేర్ లేదా కరెంటు వైపు తిరగండి. ఏమీ చేయకుండానే, కేవలం విప్పి పెట్టినందుకే పనిచేస్తే కనెక్టర్ వదులై ఉండవచ్చు. అప్పుడు వెంటనే ఫైల్ మూసేయకుండా కొన్ని రోజులు లాగ్ గమనించండి.

ఒకసారికి ఒక్కటే మార్చాలి. మాడ్యూల్, కేబుల్, ఎస్‌ఎఫ్‌పీ మూడూ ఒకేసారి మార్చి సమస్య పోగొడితే లైన్ పనిచేస్తుంది గానీ ఏది పాడైందో తేలదు. మూడింటినీ పారేయలేరు, మళ్లీ వాడనూలేరు. ఇంకొక సంగతి: స్లాట్ మారితే ఇంటర్‌ఫేస్ పేరూ మారుతుంది. 0/1/0 కాన్ఫిగరేషన్‌ను 0/2/0కు రాయకుండా పనిచేయడం లేదనుకోవద్దు.

రౌటరే లేవకపోతే

అన్ని మాడ్యూళ్లూ, ఎస్‌ఎఫ్‌పీలూ తీసేసి ఒట్టి చాసిస్‌ను కన్సోల్ పెట్టి లేపండి. లేస్తే ఒక్కొక్కటే కలుపుతూ వెళ్లండి, ఏది పెట్టినప్పుడు కూలిందో అదే ముద్దాయి. ఒట్టి చాసిస్ రోమ్‌మాన్ (రౌటర్ లేవగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) దశ దాటి మధ్యలో ఆగుతుంటే, కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌ను 0x2142కు మార్చి, దాచిన కాన్ఫిగరేషన్ చదవకుండా లేపి చూడండి. కన్సోల్‌లో ఒక్క అక్షరమూ రాకపోతే పవర్ సప్లయి లేదా మదర్‌బోర్డు.

4331 విషయంలో ఇక్కడ ఒక చరిత్ర ఉంది. 2017 ఫిబ్రవరిలో సిస్కో ఒక ప్రకటన చేసింది. కొన్ని ఉత్పత్తుల్లోని క్లాక్ సంకేత భాగం సుమారు 18 నెలలు పనిచేశాక విఫలం కావచ్చని, అది పోయాక పరికరం బూట్ కాదని, తిరిగి బాగుచేయలేమని తెలిపింది. ఐఎస్‌ఆర్ 4321, 4331, 4351 ఆ జాబితాలో ఉన్నాయి. ల్యాబ్ కోసం ఆ కాలపు రౌటర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు సీరియల్ నంబరును సిస్కో ఫీల్డ్ నోటీసుతో సరిచూసుకోవడం మంచిది. అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో సిమ్యులేటర్ మీద నేర్చుకున్నవారికి ఇలాంటి ల్యాబ్ ఎంతో అవసరం. సిమ్యులేటర్‌లో మాడ్యూల్ పట్టాల మీద జారి కూర్చునే తీరు చేతికి తెలియదు.

జూనిపర్ రౌటరైతే

క్రమం ఇదే, మాటలు వేరు. 'షో ఛాసిస్ అలారమ్స్'తో మొదలుపెట్టండి. 'షో ఛాసిస్ హార్డ్‌వేర్' సీరియల్ నంబర్లు ఇస్తుంది, 'షో ఛాసిస్ ఎఫ్‌పీసీ' కార్డుల స్థితి చెబుతుంది. తీసే ముందు 'రిక్వెస్ట్ ఛాసిస్ ఎఫ్‌పీసీ స్లాట్ 1 ఆఫ్‌లైన్', పెట్టాక 'ఆన్‌లైన్'.

మార్పిడి కోరేటప్పుడు, కొత్తది వచ్చాక

సపోర్ట్ కేసులో మాడ్యూల్ సీరియల్ నంబరు, చాసిస్ సీరియల్ నంబరు, మొదటి అడుగులో తీసిన ఫైల్, లూప్‌బ్యాక్ ఫలితం, తారుమారు పరీక్షలో ఏ స్లాట్‌లో ఏం జరిగిందో రెండు వాక్యాల్లో రాయండి. ఇవన్నీ మొదటి సందేశంలోనే ఉంటే అవతలి ఇంజినీరు అవే పరీక్షలు మళ్లీ చేయమని అడగాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది. చాసిస్ మారుతుంటే 'షో లైసెన్స్ యూడీఐ' ప్రతిని కూడా ఉంచుకోండి. పాత సీరియల్‌కు ముడిపడిన లైసెన్సులను కొత్తదానికి బదిలీ చేయించుకోవాలి.

కొత్త మాడ్యూల్ పెట్టాక 'షో ఇన్వెంటరీ'లో సీరియల్ సరిచూసి, స్టాకు రిజిస్టరులో రాసి, 'క్లియర్ కౌంటర్స్' ఇవ్వండి. మరుసటి రోజు అదే వేళకు ఇంటర్‌ఫేస్‌లో సీఆర్‌సీ దోషాలు, ఈ1 అయితే స్లిప్‌లు చూడండి. అవి పెరగకుండా ఉంటేనే పాత మాడ్యూల్‌ను యాంటీ స్టాటిక్ కవరులో పెట్టి పంపండి. పెరుగుతుంటే దాన్ని ఇంకా పంపకండి, మూడో అడుగుకు తిరిగి వెళ్లండి.